రోజుకి తొమ్మిది తలలే అవుతున్నాయి, చెయ్యి బేగి సాగాలంటే ఏం చెయ్యాలి?

కత్తెర_విజీనగరం
విజయనగరంలో గంటస్తంభం దగ్గర మూడు కుర్చీల సెలూన్‌లో పనిచేస్తున్నాను. నాలుగేళ్ళయింది. ఊళ్ళో మా మావయ్య దగ్గర నేర్చుకుని ఇక్కడికి వచ్చాను. జీతం కొంత, పని మీద కమీషన్ కొంత.

సమస్య ఏంటంటే నాకు టైం ఎక్కువ పడుతోంది. మామూలు కటింగ్‌కి 35, 40 నిమిషాలు. ఫేడ్ (పక్కల కింద బాగా పొట్టిగా, పైకి పోయేకొద్దీ పొడుగయ్యే కటింగ్) అయితే 50. ఆదివారం పక్క కుర్చీ అన్నయ్య పదహారు మందిని పంపిస్తాడు, నాకు తొమ్మిది, మహా అయితే పది. నా పని బాగాలేదని ఎవరూ అనలేదు. నేనే చెయ్యాలని అడిగి కూర్చునేవాళ్ళున్నారు. కానీ మొన్న ఆదివారం అలా నా కోసం గంటసేపు కూర్చున్న ఒకాయన లేచి, ఏమీ అనకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అది ఓనరు చూశాడు. "దసరా లోపు చెయ్యి సాగాలి" అన్నాడు. కోపంగా అనలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మనకి దసరాతో అయిపోదు కదా. దసరా వెళ్ళాక వచ్చే మొదటి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ, ముందురోజు దాని తొలేళ్ళ ఉత్సవం. మంగళవారం ఎలాగూ షాపు సెలవు, మూడు లాంతర్ల నుంచి కోట దాకా కాలు పెట్టే సందు కూడా ఉండదు. ఆ ముందు శని, ఆది, సోమ ఈ మూడు రోజుల్లోనే అందరూ ఒక్కసారి పడతారు.

హడావుడిగా గొరిగేసి పంపడం నాకు ఇష్టం లేదు. సాయంత్రానికి కుడి భుజం లాగేస్తోంది, అదొకటి. పని పాడవకుండా టైం ఎక్కడ తగ్గించుకోవాలో చెప్పండి.

నరసన్నపేట_98
ఫేడ్‌కి 50 నిమిషాలు చాలా ఎక్కువ బ్రో. మిషన్ మార్చు. మంచి కార్డ్‌లెస్ తీసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

కత్తెర_విజీనగరం
మిషన్ ఆరు నెలల కిందటే కొన్నాను. బ్యాటరీ బాగానే నిలుస్తోంది. అది కాదనుకుంటాను.

ఏడురోడ్ల_మాస్టారు
శ్రీకాకుళంలో ముప్పై ఏళ్ళుగా ఇదే పని. నా దగ్గర నేర్చుకున్న కుర్రాళ్ళు ఇప్పుడు వైజాగ్‌లో, హైదరాబాద్‌లో సొంత షాపులు పెట్టుకున్నారు. అందుకని చనువుగా చెబుతున్నాను బాబూ, మిషన్ కోసం డబ్బు పెట్టకు.

నాలుగేళ్ళు పనిచేసి, అడిగి మరీ కూర్చునే కస్టమర్లున్నవాడి చెయ్యి నెమ్మదిగా ఉండదు. నీ చెయ్యి ఆగే సార్లు ఎక్కువై ఉంటాయి. ఎక్కడ ఆగుతోందో నీకే తెలియదు, ఎందుకంటే ఆ టైంలో కూడా నువ్వు ఏదో ఒకటి చేస్తూనే ఉంటావు. దువ్వెన వెతుకుతావు. టవల్ కోసం వెనక్కి వెళ్తావు. మిషన్‌కి తగిలించే దువ్వెనలాంటి గార్డు మారుస్తావు, కింద పెడతావు, మళ్ళీ అదే వెతుకుతావు.

ఒక పని చెయ్యి. వచ్చే ఆదివారం చిన్న నోటుబుక్కు అద్దం పక్కన పెట్టుకో. ఒక్క కస్టమర్‌కి కూర్చున్న దగ్గర్నుంచి లేచేదాకా ఎన్నింటికి ఏం చేశావో రాయి. ఒక్కరికి చాలు. అది ఇక్కడ పెట్టు, అప్పుడు మాట్లాడదాం.

మా గురువుగారు మొదటి ఆరు నెలలు నాకు కత్తెర ఇవ్వలేదు. బల్ల సర్దడమే పని. ఎడమ చేతికి అందేవి ఎడమ వైపు, కుడి చేతికి అందేవి కుడి వైపు. కళ్ళు మూసుకుని "సన్న దువ్వెన" అంటే తీసి ఇవ్వాలి. అప్పట్లో ఏడుపు వచ్చేది. ఇప్పటికీ నా బల్ల మీద సన్న దువ్వెన అక్కడే ఉంటుంది.

ఆమదాలవలస_ఫేడ్
మాస్టారు చెప్పింది నిజమే. కానీ ఫేడ్ విషయం కొంచెం వేరు, అక్కడ పద్ధతి తప్పితే చెయ్యి ఎంత ఆడినా టైం పడుతుంది. హైదరాబాద్‌లో ఆరేళ్ళు చేసి వచ్చాను కాబట్టి చెబుతున్నా.

తమ్ముడూ, నువ్వు పైనుంచి కిందకి వస్తున్నావా, కింద నుంచి పైకి వెళ్తున్నావా? చాలామంది ముందు రెండో నంబరు గార్డుతో పక్కలన్నీ తీసేసి, తర్వాత కింద జీరో (అంటే గార్డు లేకుండా) పెట్టి, మధ్యలో పడిన గీత చెరపడానికి పావుగంట తంటాలు పడతారు. ఆ గీత మనం వేసుకున్నదే.

నేను చేసేది ఇది. మొదట జీరోతో, లివర్ (మిషన్ పక్కన ఉండే, కోత పొడుగు కొంచెం మార్చే మీట) మూసి, చెవి పైన ఎంత ఎత్తు కావాలో అంత ఒక్క గీత తల చుట్టూ. తర్వాత లివర్ పూర్తిగా తెరిచి దానిపైన ఒక వేలు వెడల్పు. ఆ పైన ఒకటో నంబరు గార్డు, అదీ ముందు లివర్ తెరిచి, తర్వాత మూసి. ఆ పైన రెండు. మణికట్టు తిప్పుతూ మిషన్‌ని బయటికి లాగెయ్యాలి, తలకి ఆనించి పైకి తోసుకుపోకూడదు. ఒకటి అంటే 3 మిల్లీమీటర్లు, రెండు అంటే 6, మూడు సుమారు 10, నాలుగు 13. ఈ అంకెలు తల్లో ఉంటే ఏ రెండింటి మధ్య గీత ఉందో, దానికి ఏది వాడాలో ఆలోచించక్కర్లేదు.

ఇంకోటి, తడి జుట్టు మీద ఫేడ్ చెయ్యకు. తడిగా ఉంటే జుట్టు అతుక్కుపోతుంది, గీత కనపడదు. ఆరాక కనపడుతుంది, మళ్ళీ మొదలు. నూనె రాసుకుని వచ్చినవాళ్ళకి ముందు తల కడిగి పూర్తిగా ఆరబెట్టు. ఆ ఐదు నిమిషాలు చివర్లో పది మిగులుస్తాయి.

నరసన్నపేట_98
బ్లేడుకి నూనె వెయ్యడం కూడా చెప్పన్నా. మా షాపులో ఒకడు నెలకోసారి వేస్తాడు.

ఆమదాలవలస_ఫేడ్
నెలకోసారా! రోజూ షాపు తెరవగానే బ్రష్‌తో వెంట్రుకలు దులిపి రెండు మూడు చుక్కలు, ఆదివారం అయితే మధ్యాహ్నం ఇంకోసారి. నూనె లేకపోతే బ్లేడు వేడెక్కుతుంది, జుట్టుని కొయ్యకుండా పీకుతుంది. కస్టమర్ ఉలిక్కిపడి తల కదిపితే అక్కడ గుంట పడినట్టే. కొబ్బరినూనె వెయ్యొద్దు, జిడ్డు కట్టేస్తుంది. మిషన్‌తో వచ్చే పల్చటి నూనే వెయ్యాలి.

బొబ్బిలి_అక్క
నాది ఆడవాళ్ళ పార్లర్, పదకొండేళ్ళు. మగవాళ్ళ కటింగ్ గురించి నాకు అంతగా తెలీదు కానీ ఒకటి రెండు రెండింటికీ పనికొస్తాయి.

మొదటిది, మొదలుపెట్టే ముందు మాట. "ఎంత తియ్యమంటారు?" అని అడిగితే "కొంచెం" అంటారు. వాళ్ళ కొంచెం, మన కొంచెం ఒకటి కాదు. నేను అడిగేది "ఇంతకుముందు ఎప్పుడు కట్ చేయించారు? చేయించిన వారానికి ఎలా ఉంది, నచ్చిందా?" అని. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పైన, అర అంగుళం లోపు పెరుగుతుంది. రెండు నెలలైంది, అప్పుడు బాగుంది అంటే ఎంత తియ్యాలో నాకు తెలిసిపోయింది. తీసే పొడుగు వేళ్ళ మధ్య పట్టుకుని అద్దంలో చూపిస్తాను. "ఇక్కడికి" అని వాళ్ళ నోటితో అనిపించుకున్నాకే కత్తెర పెడతాను. రెండు నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపి మళ్ళీ చెయ్యడం పోయింది.

రెండోది, మా పనిలో ఆగే టైం చాలా ఉంటుంది. తెల్లజుట్టుకి రంగు వేస్తే డబ్బా మీద రాసినట్టు 30 నుంచి 45 నిమిషాలు ఆగాలి. ఆ టైంలో ఇంకొకరికి త్రెడింగో, చిన్న కటింగో పెట్టుకుంటాను. కానీ దానికి హద్దు ఉంది. స్ట్రెయిటెనింగ్ క్రీమ్ తల మీద ఉన్నప్పుడు మాత్రం పక్కకి వెళ్ళను. ఐదేసి నిమిషాలకి ఒక వెంట్రుక తీసి సాగదీసి చూడాలి. ఒకసారి అలా పక్కకి వెళ్ళి వచ్చేసరికి ఒకమ్మాయికి చివర్లు గడ్డిలా అయిపోయాయి. పెళ్ళి పదిరోజుల్లో ఉంది. ఆ పిల్ల మొహం ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది.

చీపురుపల్లి_టీచర్
నేను సెలూన్ పని చేసేవాణ్ణి కాదు, చేయించుకునేవాణ్ణి. కస్టమర్ వైపు నుంచి ఒక మాట. గంట కూర్చోవడం మాకు పెద్ద బాధ కాదండి. "ఐదు నిమిషాలు సార్" అని నాలుగుసార్లు చెప్పడం బాధ. "మీ ముందు ఇద్దరున్నారు, పదకొండున్నర అవుతుంది" అని చెబితే కూరగాయలు కొనుక్కుని వస్తాం. ఆ లేచి వెళ్ళినాయనకి ఎవరైనా టైం చెప్పారా?

కత్తెర_విజీనగరం
లేదు సార్. "అయిపోయింది, ఐదు నిమిషాలు" అన్నది నేనే.

రాజాం_రెండుకుర్చీలు
టీచరుగారి మాట అక్షరాలా నిజం. మా షాపులో రెండేళ్ళ నుంచి అట్టముక్క టోకెన్లు పెట్టాం. ఖర్చు ఏమీ లేదు. ఆదివారం అయితే వాట్సాప్‌లో పేరు పెట్టేసి ఇంట్లో ఉంటారు, వాళ్ళ ముందు ఒక్కరు మిగిలినప్పుడు మెసేజ్ పెడతాం. షాపులో గుంపు తగ్గింది. గుంపు తగ్గితే మనకి కూడా వీపు మీద కళ్ళు లేనట్టుంటుంది, చెయ్యి నిదానంగా, సరిగ్గా ఆడుతుంది.

ఓనరుగా ఇంకోటి అడుగుతాను. ఆ పదహారు మందిలో వట్టి షేవింగ్‌లు ఎన్ని, చిన్నపిల్లలు ఎంతమంది? నీ తొమ్మిదిలో ఫేడ్‌లు ఎన్ని, కలర్లు ఎన్ని? తలలు లెక్కపెడితే తేడా పెద్దగా కనపడుతుంది. గల్లాపెట్టె లెక్క చూడు. మా దగ్గర నెమ్మదిగా చేసే కుర్రాడే నెలాఖరుకి ఎక్కువ తెస్తాడు, ఎందుకంటే ఫేడ్‌లన్నీ వాడికే వెళ్తాయి.

ఏడురోడ్ల_మాస్టారు
రాజాం అన్న లెక్క బాగుంది కానీ కుర్రాడిని వెనక్కి లాగకు. డబ్బు సరిపోతోంది కదా అని ఊరుకుంటే భుజం నొప్పి తగ్గదు, లేచి వెళ్ళినాయన తిరిగి రాడు.

రాజాం_రెండుకుర్చీలు
వెనక్కి లాగడం లేదు మాస్టారూ. ఓనరుతో మాట్లాడేటప్పుడు చేతిలో లెక్క ఉండాలంటున్నా.

గజపతినగరం_నర్సు
నేను స్టాఫ్ నర్సుని, మా తమ్ముడిది సెలూన్. అందరూ టైం ఎక్కడ తగ్గించాలో చెబుతున్నారు, ఎక్కడ తగ్గించకూడదో కూడా ఒకరు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

బ్లేడు ఒకరికి ఒక్కటే. రష్ ఎంతున్నా సరే. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట ఎండిన రక్తంలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. కంటికి కనపడని గాటు చాలు. కొత్త బ్లేడు కస్టమర్ కళ్ళముందే విప్పి కత్తికి పెట్టండి, వాడినది మూత ఉన్న డబ్బాలో పడెయ్యండి. చెత్తబుట్టలో వేస్తే ఎత్తేవాళ్ళ చేతులు తెగుతాయి. పటిక ముక్క కూడా అంతే. అదే ముక్క అందరి గాట్ల మీద రుద్దుతారు, అది ఆపండి. పొడి చేసి పెట్టుకుని కొంచెం దూదికి అద్దుకుంటే అయిపోతుంది.

కలర్ వేసేవాళ్ళకి కూడా ఒకటి. డైలో ఉండే పీపీడీ అనే రసాయనం కొంతమందికి పడదు. మా దగ్గరికి మొహం వాచిపోయి, కళ్ళు మూసుకుపోయి వచ్చినవాళ్ళని చూశాను. చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు చూడాలి. పండగ రష్‌లో కుదరదంటారు. అపాయింట్‌మెంట్ అడిగిన రోజే ఒకసారి రమ్మనండి, రాసి పంపడానికి ఒక్క నిమిషం.

నరసన్నపేట_98
పండగ ముందు కస్టమర్ రెండుసార్లు వస్తాడా అక్కా? పక్క షాపుకి పోతాడు.

బొబ్బిలి_అక్క
నా దగ్గరికి వస్తున్నారు. "మీ మంచికే, ఒక్క నిమిషం పని" అని చెబితే పదిమందిలో ఎనిమిదిమంది వస్తారు. మిగతా ఇద్దరికీ నేను డై వెయ్యను. పక్క షాపుకి పోతే పోనీ.

గజపతినగరం_నర్సు
అక్కా, మీలాంటివాళ్ళు ఊరికి ఇద్దరుంటే మా వార్డులో పని తగ్గుతుంది.

కత్తెర_విజీనగరం
మాస్టారు చెప్పినట్టు ఆదివారం రాశాను. ఒక్కాయనకే. నలభై ఏళ్ళుంటాయి, మామూలు కటింగ్, గడ్డం ట్రిమ్మింగ్.

11:05 కూర్చున్నాడు. మెడకి కట్టే క్లాత్ చూస్తే ముందు కస్టమర్‌ది తడిగా ఉంది. వెనక గదిలోకి వెళ్ళి ఇంకోటి తెచ్చాను, 3 నిమిషాలు పోయాయి.
11:08 "మీడియం" అన్నాడు. మొదలుపెట్టాను.
11:17 రెండు పక్కలా అయ్యాక అద్దంలో చూసి "ఇంకా తియ్యండి" అన్నాడు. మళ్ళీ రెండు పక్కలా, 6 నిమిషాలు.
11:23 రెండో నంబరు గార్డు లేదు. పక్క అన్నయ్య వాడుతున్నాడు. ఆగాను, 2 నిమిషాలు.
11:25 ఫోన్. "ఖాళీ ఉందా?" అని అడుగుతున్నారు, 2 నిమిషాలు.
11:27 పైన కటింగ్.
11:31 జుట్టు ఆరిపోయింది, స్ప్రే సీసాలో నీళ్ళు లేవు. నింపుకుని వచ్చాను, 2 నిమిషాలు.
11:33 మళ్ళీ పైన.
11:38 గడ్డం.
11:46 అద్దం చూపించి, చెవుల వెనక సరిచేసి, దులిపి పంపేసరికి 11:49.

మొత్తం 44 నిమిషాలు. కూడి చూస్తే కత్తెర ఆగిన టైం, చేసిందే మళ్ళీ చేసిన టైం కలిపి 15. నాకు నమ్మబుద్ధి కాలేదు. రెండుసార్లు కూడాను.

ఆమదాలవలస_ఫేడ్
అంటే నీ అసలు కటింగ్ 29 నిమిషాలు, గడ్డంతో కలిపి. నువ్వు నెమ్మది అని ఎవరన్నారు?

రాజాం_రెండుకుర్చీలు
పక్క అన్నయ్య మీ గార్డు వాడుకుంటే మీ టైం కూడా ఆయన పదహారులో కలిసిపోతోంది. మీ సెట్ మీరు కొనుక్కోండి. గార్డుల మీద నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టండి, ఎవరివో తెలుస్తుంది.

ఏడురోడ్ల_మాస్టారు
ఇందులో 3, 2, 2, 2 అంటే తొమ్మిది నిమిషాలు సర్దుకోవడంలో పోయినవి. తెల్లారి షాపు తెరిచాక పదిహేను నిమిషాలు పెట్టుకుంటే అవి పోతాయి. క్లాత్‌లు కనీసం నాలుగు ఉండాలి, ఒకటి కస్టమర్ మీద, ఒకటి ఆరుతూ, రెండు మడతపెట్టి కుర్చీ వెనక. సీసా రాత్రి మూసేటప్పుడే నింపు. ఫోన్ ఓనరు దగ్గర పెట్టు, లేదంటే రాజాం అన్న చెప్పిన వాట్సాప్ పద్ధతి.

ఆ ఆరు నిమిషాలు బొబ్బిలి చెల్లెమ్మ చెప్పిన మాటతో పోతాయి. "మీడియం" అన్నవాణ్ణి అలా వదిలెయ్యకూడదు. చెవి మీద జుట్టు పడాలా, చెవి కనపడాలా? వెనక మిషనా, కత్తెరా? ఈ రెండు అడిగితే చాలు.

ఇక భుజం సంగతి. కుర్చీ ఎత్తు ఎన్నిసార్లు మారుస్తావు?

కత్తెర_విజీనగరం
మార్చను మాస్టారూ. ఒకే ఎత్తులో ఉంటుంది. పిల్లలొస్తే పలక వేస్తాం అంతే.

ఏడురోడ్ల_మాస్టారు
అదీ సంగతి. నడినెత్తి కట్ చేసేటప్పుడు కుర్చీ దించాలి, మెడ దగ్గర చేసేటప్పుడు ఎత్తాలి. కస్టమర్ తల ఎప్పుడూ నీ గుండె ఎత్తులో ఉండాలి. మోచెయ్యి భుజం దాటి పైకి లేచిందంటే కుర్చీ తప్పు ఎత్తులో ఉన్నట్టు. రెండు వైపులా చెయ్యి సాచకుండా కుర్చీ తిప్పు, లేదా నువ్వు నడు. కాలితో పెడల్ నొక్కడానికి రెండు సెకన్లు. నాకు ఎవరూ చెప్పక నలభై ఏళ్ళకే మెడ పట్టేసింది. ఆర్నెల్లు కుడి చెయ్యి పైకెత్తలేకపోయాను. ఇంట్లో అన్నం ముద్ద కూడా ఎడమ చేత్తో. నీకు ఆ గతి పట్టకూడదని ఇంతగా చెబుతున్నాను.

గజపతినగరం_నర్సు
కాళ్ళ గురించి కూడా. రోజంతా నిలబడేవాళ్ళకి పిక్కల్లో నరాలు ఉబ్బుతాయి. మధ్యలో రెండు నిమిషాలు మడమలు ఎత్తి దించండి. కింద మెత్తటి రబ్బరు మ్యాట్ వేసుకోండి. గడ్డం ట్రిమ్మింగ్ చక్రాల స్టూల్ మీద కూర్చుని చెయ్యొచ్చు, మా తమ్ముడు అలాగే చేస్తాడు.

నరసన్నపేట_98
కూర్చుని చేస్తే కస్టమర్ బద్ధకం అనుకోడా?

గజపతినగరం_నర్సు
డాక్టరుగారు కూర్చునే కుట్లు వేస్తారు. ఎవరూ అనుకోరు.

పలాస_కుర్రోడు
ఇదంతా చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వైపు, ఉద్దానం అంతా రోజుల తరబడి కరెంటు లేదు. కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకొరిగి ఉన్నాయి. మిషన్‌లు మూలనపడ్డాయి. నాన్న షాపు ముందు చూరు కింద స్టూల్ వేసుకుని, వెలుతురున్నంతసేపూ కత్తెర, దువ్వెనతోనే చేశాడు. చెట్లు నరికి, రోడ్లు బాగుచేసి అలిసిపోయి వచ్చినవాళ్ళకి గడ్డాలు గీశాడు. డబ్బులు కొంతమంది ఇచ్చారు, కొంతమంది దగ్గర తీసుకోలేదు.

నేను పక్కన నిలబడి చూశాను. దువ్వెన మీద కత్తెర ఆపకుండా ఆడుతూ ఉంటే, దువ్వెనే నెమ్మదిగా పైకి జరుగుతుంది. కత్తెరలో ఒక్క బొటనవేలి వైపే కదులుతుంది, రెండోది కదలదు. అప్పటిదాకా నేను రెండూ ఆడించేవాణ్ణి. అక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు ఫేడ్ పైభాగంలో గీత ఎక్కడైనా మిగిలితే గార్డులు మార్చను, దువ్వెన మీద కత్తెరతో కలిపేస్తాను. విజీనగరం అన్నా, అది వస్తే నీకు పది నిమిషాలు కలిసొస్తాయి.

ఆమదాలవలస_ఫేడ్
పలాస తమ్ముడూ, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు.

కత్తెర_విజీనగరం
దువ్వెన మీద కత్తెర నాకు సగమే వచ్చు. మావయ్య దగ్గర మొదలుపెట్టాను, ఇక్కడికొచ్చాక మిషన్‌కి అలవాటుపడ్డాను. ఎలా సాధన చెయ్యాలి?

పలాస_కుర్రోడు
ఊరికే దువ్వెన పట్టుకుని, జుట్టు లేకుండానే, టీవీ చూస్తూ రోజూ పావుగంట ఆడించు. పొడుగు కత్తెర తీసుకో, ఏడు అంగుళాలది. చిన్న కత్తెరతో మెట్లు పడతాయి.

చీపురుపల్లి_టీచర్
మాట్లాడటం గురించి ఎవరూ చెప్పలేదు. మా ఊళ్ళో కటింగ్ చేసే ఆయన మాట మొదలెడితే కత్తెర గాల్లో ఆగిపోతుంది. క్రికెట్ ఉన్న రోజు అయితే ఒక చెవి వైపు పూర్తయ్యేసరికి ఇన్నింగ్స్ అయిపోతుంది.

నరసన్నపేట_98
మాట్లాడకపోతే కస్టమర్ మళ్ళీ రాడు సార్. సగంమంది కబుర్లకే వస్తారు.

ఏడురోడ్ల_మాస్టారు
మాట్లాడాలి. కాకపోతే అద్దంలో చూసి మాట్లాడాలి, ఎదురుగా తిరిగి కాదు. ఎదురుగా తిరిగితే చెయ్యి ఆగుతుంది. ఇంకోటి, కస్టమర్ చేత మాట్లాడించు, నువ్వు వింటూ పని చేసుకో. గడ్డం దగ్గర మాత్రం ఇద్దరూ మాట్లాడకూడదు.

రాజాం_రెండుకుర్చీలు
పండగ ముందు ఒకేరకం పనులు వరసగా పెట్టుకోవడం కూడా చూడండి. ఆర్మీ ర్యాలీలకి వెళ్ళే కుర్రాళ్ళు మా దగ్గరికి ఐదారుగురు కలిసి వస్తారు. అందరికీ ఒకే మిషన్, అవే రెండు గార్డులు. మధ్యలో ఇంకొకరిని దూర్చకుండా చేస్తే ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలు. మధ్యలో ఒక కలర్ పెట్టామంటే అందరూ ఆగిపోతారు. కలర్లు ఉదయం, షేవింగ్‌లు సాయంత్రం అని బోర్డు పెట్టాం. ఇంకా, మాల వేసుకునే రోజులొస్తే ఎలాగూ షాపులు ఖాళీ. అయ్యప్ప స్వాములు నలభై ఒక్క రోజులు గడ్డం ముట్టరు. ఆ నెలన్నర కొత్త పని నేర్చుకోవడానికి, కుర్చీలు బాగుచేయించుకోవడానికి పెట్టుకోండి. తర్వాత సంక్రాంతికి హైదరాబాద్, చెన్నై నుంచి బస్సులు దిగుతాయి, అప్పుడు ఏమీ నేర్చుకోలేం.

కత్తెర_విజీనగరం
సిరిమాను అయింది. మంగళవారం అమ్మవారిని చూసుకుని వచ్చి, ఇవాళ రాస్తున్నాను. ఇన్నాళ్ళు చెప్పినవాళ్ళకి జరిగింది చెప్పాలి కదా.

శనివారం పన్నెండు, ఆదివారం పదమూడు, సోమవారం పద్నాలుగు మందికి చేశాను. ఫేడ్ 35 నిమిషాలకి వచ్చింది. కింద నుంచి పైకి చెయ్యడం మొదటి రెండు రోజులు చేతకాలేదు, మూడోరోజు నుంచి గీత దానంతట అదే పోయింది. పైన మిగిలినచోట దువ్వెన మీద కత్తెర పెడుతున్నాను, ఇంకా మెట్లు పడుతున్నాయి, సాధన చేస్తున్నాను. గార్డులు నావి నేను కొనుక్కున్నాను, ఆకుపచ్చ చుక్కలు పెట్టాను. ఓనరుకి నోటుబుక్కు చూపిస్తే ఆయనే మా ముగ్గురికీ తలో నాలుగు క్లాత్‌లు తెచ్చాడు, ఫోన్ తన దగ్గర పెట్టుకున్నాడు. పక్క అన్నయ్య కూడా ఒకరోజు తన టైం రాసుకున్నాడు. ఏం రాశాడో చూపించలేదు కానీ, తర్వాత రోజు నుంచి తన సీసా తనే నింపుకుంటున్నాడు.

ఒక్కటి తప్పు జరిగింది. సోమవారం రాత్రి తొమ్మిది దాటాక ఆఖరి కస్టమర్, ఆరేళ్ళ గుంటడు, నిద్రలో తూగుతున్నాడు. ఇంకొక్కటే కదా అని తొందరపడ్డాను. చెవి పైన మిషన్ అంచు తగిలి గీసుకుంది. రక్తం చుక్క పెద్దది కాదు, వాడు ఏడవలేదు కూడా, నా వైపు చూశాడంతే. వాళ్ళ నాన్న పరవాలేదన్నాడు. కడిగి, మందు రాసి, డబ్బులు తీసుకోకుండా పంపాను. ఇకనుంచి రాత్రి ఎనిమిదిన్నర తర్వాత పిల్లల్ని తీసుకోనని ఓనరుకి చెప్పేశాను, ఒప్పుకున్నాడు.

కుర్చీ ఎత్తు మారుస్తున్నాను. భుజం నొప్పి పూర్తిగా పోలేదు, రాత్రి పక్కకి తిరిగి పడుకోగలుగుతున్నాను. ఆ రోజు లేచి వెళ్ళినాయన ఆదివారం వచ్చాడు. "పన్నెండుంపావు అవుతుందండి" అన్నాను. వెళ్ళి సరిగ్గా పన్నెండుంపావుకి వచ్చాడు. పన్నెండూ ఇరవైకి కుర్చీలో కూర్చోబెట్టాను.

చీపురుపల్లి_టీచర్
ఆ ఐదు నిమిషాలు ఆయన క్షమించే ఉంటాడు.

బొబ్బిలి_అక్క
పిల్లాడి సంగతి దాచకుండా చెప్పావు చూడు తమ్ముడూ, చాలా మంచి పని చేశావు. నిద్రపోయే పిల్లల్ని వాళ్ళ అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకోమను, తల కదలదు.

పలాస_కుర్రోడు
మాస్టారూ, నాదో చిన్న ప్రశ్న. కత్తెర మొద్దుబారిందో లేదో ఎలా తెలుస్తుంది? సైకిల్ మీద వచ్చే సానవాడికి ఇవ్వొచ్చా?

ఏడురోడ్ల_మాస్టారు
టిష్యూ పేపరు తడిపి కొయ్యి. చివరిదాకా తెగితే బాగున్నట్టు, మధ్యలో మడత పడితే మొద్దుబారినట్టు. వీధి సానకి ఇవ్వకు. అది కూరగాయల కత్తికి, బట్టల కత్తెరకి సరే. మన కత్తెర అంచు లోపలి వైపు గుంటగా, బయట ఉబ్బుగా ఉంటుంది, రాయి మీద పెడితే ఆ వంపు పోయి ఇక జన్మలో రాదు. సెలూన్ కత్తెరలే సాన పట్టేవాళ్ళు వైజాగ్‌లో ఉన్నారు, ఏడాదికోసారి ఇస్తే చాలు. రోజూ రాత్రి తుడిచి, మర దగ్గర ఒక చుక్క నూనె వేసి, మూసి పెట్టు. తెరిచి వదిలేస్తే కింద పడ్డప్పుడు మొన పోతుంది.

కత్తెర_విజీనగరం
ఇప్పుడే తడి టిష్యూతో చూశాను మాస్టారూ. మధ్యలో మడత పడింది. ఈ మంగళవారం సెలవే, పొద్దున్న రైలుకి వైజాగ్ వెళ్తున్నాను.

పలాస_కుర్రోడు
అన్నా, ధర కనుక్కుని ఇక్కడ పెట్టు. మా నాన్న కత్తెర కూడా ఇప్పిస్తాను.